కాశయ్య చెవి

కాశయ్య కాక హెల్మెట్ పెట్టుకున్న రోజున నేను ఇబ్రహీంపట్నం బస్టాండు ముందు మిఠాయి పంచినంత పని చేశాను. ఆరేళ్లుగా చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది మరి. బండ్లు బాగుచేసే మనిషి. చేసిన ప్రతి బండినీ రోడ్డు మీద ఉరికించి చూస్తే తప్ప అప్పగించని మనిషి. రోజుకు పదిసార్లు సాగర్ రోడ్డు ఎక్కుతూ కూడా తలకు పాత తువాల తప్ప ఇంకేమీ కట్టేవాడు కాదు. ఎందుకు కాకా అని అడిగితే ఒకటే మాట.

"హెల్మెట్ వెట్టుకుంటే ఇంజన్ ఏమంటుందో నాకెట్ల ఎరుకైతది? చెవుల దూది వెట్టుకొని డాక్టర్ గుండె చూస్తడా?"

దీనికి జవాబు చెప్పగల మొనగాడు మా మండలంలో లేడు. అలాంటి మనిషి పోయిన ఏడాది దసరా దాటాక ఒక పొద్దున నల్ల హెల్మెట్ తగిలించుకుని రోడ్డెక్కాడు. ఎవరూ ఏమీ అనకముందే నేను వెనక సీటెక్కి దాన్ని వీడియో తీసి, పెద్దాయన మా మాట విన్నాడు అని పేరు పెట్టి ఊరందరికీ చూపించాను. ఇప్పుడు ఆ పేరు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా పేరు తిరుమల్. ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతాను. పొద్దున పిల్లల్ని దించాక సాయంత్రం నాలుగింటి దాకా బస్సూ నేనూ కాలేజీ వెనక రేకుల కింద పడి ఉంటాం. ఆ ఖాళీలో పట్టుకున్న పిచ్చి బండ్ల వీడియోలు. ఛాతీకి చిన్న కెమెరా కట్టుకుని సెలవు రోజున బైకు మీద తిరగడం, వారమంతా ఖాళీ బస్సులో కూర్చుని ఆ ముక్కల్ని కత్తిరించి అతికించడం. వారమంతా రోడ్డు మీదే ఉండి ఆదివారం కూడా రోడ్డే చూస్తావా అని మా ఇంట్లో దెప్పుతారు. నా ఛానల్ చూసేవాళ్లు పదకొండు వందల మంది. అందులో సగం నా బస్సెక్కే పిల్లలే. సీటు దొరుకుతుందని చూస్తారో ఏమో చెప్పలేను.

ఒకసారి ఆ కెమెరాను రోడ్డు వైపు కాకుండా కాశయ్య కాక వైపు తిప్పాను. అదీ కథకు మొదలు.

కాక షెడ్డు బస్టాండు దాటి సాగర్ వైపు పోతుంటే, యోబు పంక్చర్ కొట్టు పక్కన. తలుపు ఇప్పుడు మూసి ఉంటుంది కాబట్టి గుర్తు చెబుతున్నాను. ముందు షెడ్డు, వెనక రెండు గదుల ఇల్లు, మధ్యలో ఒక గడప. కాకది పెద్ద చెరువులో చేపలు పట్టే ఇల్లు. వాళ్ల నాన్న తెడ్డు ఒక కొస నీళ్లలో ముంచి, రెండో కొస చెవికి ఆనించుకుని, చేపలు ఏ దిక్కున ఉన్నాయో చెప్పేవాడట. నిజమో అబద్ధమో ఆ చేపలకే తెలియాలి. కాక వల పట్టలేదు, పదహారో ఏట పానా పట్టాడు. తెడ్డు పోయి పొడుగాటి స్క్రూడ్రైవర్ వచ్చింది, అంతే. దాని మొన ఇంజన్ మీద, పిడి చెవికి. కళ్లు మూసుకుని, రెండో చేత్తో కార్బొరేటర్ మీదున్న చిన్న స్క్రూని తిప్పుతాడు. పావు చుట్టు ఇటు తిప్పితే పెట్రోలు ఎక్కువ, అటు తిప్పితే గాలి ఎక్కువ. రెంటి మధ్యలో వెంట్రుకంత చోటు ఉంటుంది, అక్కడ ఆగాలి.

"నిమ్మళంగ ఊపిరి తీసుకోవాలె. ఎగపోసుకోవద్దు, గురక వెట్టొద్దు," అనేవాడు. పసిపిల్లను నిద్రపుచ్చినట్టే ఉండేది ఆ పని.

తర్వాత రోడ్డు పరీక్ష. యాచారం దిక్కుగా మూడు కిలోమీటర్లు పోతే ఒక ఎక్కుడు వస్తుంది. దాన్ని పూర్తి రేసు మీద ఎక్కించి, కొసన ఇంజన్ ఆపేసి, బండిని పక్కకు తీసి అక్కడికక్కడే ప్లగ్గు విప్పుతాడు. తెల్లగా ఉంటే గాలి ఎక్కువైంది, నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది. కాలిన ఇటుక రంగు ఉంటే సరి. కానీ నాకు తెలిసిన కాకకు ప్లగ్గు వరకు పోవలసిన పనే ఉండేది కాదు. దారిలో ఇంజన్ ఒక్క టిక్కు కొడితే చాలు, బ్రేకు వేసి నడిరోడ్డు మీద స్క్రూడ్రైవర్ తీసేవాడు.

ఆ వీడియో ఎలా పాకిందో నాకు ఇప్పటికీ తెలియదు. నాలుగు లక్షల మంది చూశారు. నాదర్‌గుల్ నుంచి, మహేశ్వరం నుంచి, పట్నం నుంచి పాత టూ స్ట్రోక్ బండ్లు వేసుకుని కుర్రాళ్లు రావడం మొదలుపెట్టారు. కాక ఆ సంగతి విని భుజాలు ఎగరేశాడు.

"చూసినోళ్లంత ఏం జేస్తరు తిరుమలూ?"

"లైక్ కొడ్తరు కాకా."

"కొట్టనీ. మన బండికి తాకనంతవరకు పర్వలేదు."

ఇంకో పద్నాలుగు వీడియోలు తీశాను. ప్రతిదాంట్లో ఆ చెవినే పొగిడాను. వినడం ఆయన దగ్గర నేర్చుకోవాలన్నాను, యంత్రాలు ఓడిపోతాయన్నాను. నోటికి హద్దు ఉంటేగా. పై ఆదివారం తుక్కుగూడ దగ్గర వెంచర్ ఖాళీ స్థలంలో పాత బండ్ల కలయిక పెడుతున్నామని, ధర్మేందర్ అనే ఆయన ఫోన్ చేశాడు. ఆయనది నాకన్నా చాలా పెద్ద ఛానల్. మీ పెద్దాయన వేదిక మీద అందరి ముందు చెవితో ట్యూనింగ్ చేయాలి, లైవ్ పెడతాం అన్నాడు. నేను కాకను అడగకుండానే వస్తాడని చెప్పేశాను. గర్వం అలాంటిది.

మూడు రోజుల తర్వాత, హెల్మెట్ వీడియో కింద ఎవరో ఇలా రాశారు. అన్నా, ఎక్కుడులో ఇంజన్ లోపల టకటక కొట్టుకుంటోంది, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి, అంత చెవి ఉన్న పెద్దాయన బండి ఎందుకు ఆపలేదు?

నాకు ఒళ్లు మండింది. ముందు నువ్వు సైకిల్ తొక్కడం నేర్చుకో అని జవాబు రాశాను. రాశాక, కాలేజీ వెనక ఖాళీ బస్సులో కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. డబ్బాలో శనగలు పోసి ఊపినట్టు ఉంది ఆ శబ్దం. ఎక్కుడు మొదట్లో మొదలై కొస దాకా పోయింది. కాక ఆపలేదు. పైకెక్కాక ప్లగ్గు విప్పి, తెల్లగా ఉండటం చూసి, "జర గాలి ఎక్కువైంది" అని అప్పుడు సరిచేశాడు.

అయ్యో, హెల్మెట్ వల్ల వినిపించలేదు అనుకున్నాను. నా పోరు పడలేక పెట్టుకున్నాడు, నేనే ఆయన చెవి మూశాను అని ఒక గంట సేపు బాధపడ్డాను. ఆ బాధే నిజమైతే ఎంత బాగుండేది. మనసు ఆగక హెల్మెట్‌కు ముందు తీసిన వీడియోలు తెరిచాను. తలకు తువాలే ఉంది. అదే ఎక్కుడు, ఇంకో బండి, అదే టకటక. ఆగలేదు. ఇంకోదాంట్లో నేను వెనక నుంచి కాకా, కాకా, కాకా అని మూడుసార్లు పిలిచాను. తల తిప్పలేదు. అప్పట్లో ఆ ముక్కను పనిలో మునిగిపోయాడనుకుని కత్తిరించి ఫోనులో ఓ మూల పడేశాను.

కెమెరాకు ఒక గుణం ఉంది. మనం చూపించమన్నది చూపిస్తూనే పక్కనున్నదాన్ని కూడా దాచి ఉంచుతుంది. మొదటిదాని తర్వాత షెడ్డులో తీసిన వీడియోలన్నిటిలో కాకకు ఎదురుగా గడప కనిపిస్తుంది. గడపలో కాశమ్మ చిన్నమ్మ, కాక భార్య, ఒళ్లో చాట పెట్టుకుని బియ్యం చెరుగుతూ ఉంటుంది. ఆమెను నేను ఎన్నడూ చూడలేదు. అంటే చూశాను, గోడను చూసినట్టు. ఇప్పుడు చూస్తుంటే ఆమె చెరుగుతున్నంత సేపు కాక స్క్రూ తిప్పుతున్నాడు. ఆమె చెయ్యి చాట మీద పరిచి ఆపగానే కాక చెయ్యి ఆగింది. అనుకోకుండా జరిగిందేమో అని ఇంకో వీడియో పెట్టాను. మళ్లీ అంతే. ఒకదాంట్లో ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. చిన్నమ్మ కుడిచెయ్యి తలకన్నా పైకి లేపింది. కాక కిక్కు కొట్టాడు.

పద్నాలుగు వీడియోలూ చూశాను. పద్నాలుగింటిలోనూ కాక కళ్లు మూసుకోలేదు. నాలుగు లక్షల మంది చూసిన ఆ మొదటి వీడియోలో తప్ప ఎక్కడా మూసుకోలేదు. బండి మొఖం కూడా ఇంతకుముందు రోడ్డు వైపు ఉండేది, ఇప్పుడు గడప వైపు ఉంది. ఇంతమందిమి ఆయన చెవినే చూశాం. ఆమె చేతిని ఒక్కరమూ చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం కాక బండి పరీక్షకు పోయిన సమయం చూసుకుని షెడ్డుకు పోయాను. చిన్నమ్మ గడపలోనే ఉంది.

"చిన్నమ్మా, కాకకు ఇనవడ్తలేదా?"

ఆమె చాటలోంచి ఒక రాయి ఏరి బయట పడేసింది. "ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పలే. వీడియోల చూసిన. ఎన్నొద్దుల సంది?"

"రెండేండ్లు దాటింది. దవాఖానకు పోయినం. చెవి నరం ఎండిపోయిందన్నరు. నలభై ఏండ్లు సైలెన్సర్ల పక్కన కూసుంటే ఇంకేమైతదన్నరు. మిషిన్ ఇచ్చిండ్రు. గది వెట్టుకుంటే ఇంజన్ రేకు గీకినట్టు ఇనవడ్తదట. రెండొద్దులు వెట్టుకొని పానాల డబ్బల వడేసిండు."

"మరి మీ చెయ్యి?"

"గదొక నాడు బండి ఎంతకు కుదురుతలేదు. తిప్పుతనే ఉండు. నాకేమో ఇంట్లకెల్లి ఇనవడ్తుంది. ఇరవై తొమ్మిదేండ్ల సంది ఇంటున్న గద, బియ్యం ఉడికినట్టు తెలుస్తది. సరిగ్గ అయినప్పుడు నాకు తెల్వకనే చాట మీద చెయ్యి ఆగింది. ఆయన నా దిక్కు చూసిండు, ఆపిండు. తెల్లారి సంది బండి మొకం ఇటు తిప్పి నిలవెడ్తుండు."

"ఇద్దరు ఎట్ల అనుకున్నరు ఇదంత?"

"అనుకునుడేంది? ఒక్కనాడు మాట్లాడుకోలే."

ముప్పై ఏళ్ల కాపురంలో రెండేళ్లుగా ఇంత పెద్ద సంగతి వాళ్లిద్దరి మధ్యా నోరెత్తకుండా నడుస్తోంది. ఇంజన్ల మధ్య అందరూ అరిచే మాట్లాడతారు కాబట్టి, వినపడని మనిషికి మెకానిక్ షెడ్డును మించిన చాటు లేదు. కాక దాన్ని చక్కగా వాడుకున్నాడు.

"హెల్మెట్ ఎందుకు వెట్టిండు మరి?"

"రోడ్డు మీద ఎనకకెల్లి ఎవలన్న పిలుస్తరు. పలకకపోతే ఏమైందంటరు. హెల్మెట్ ఉంటే ఇనవడలే అనొచ్చు గద." చాట పక్కన పెట్టి మొదటిసారి నా మొఖంలోకి చూసింది. "నువ్వు గూడ మాట్లాడకు బిడ్డా. నీకు ఎరుకైందని ఆయనకు ఎరుకైతే, ఇగ షెడ్డు తియ్యడు. షెడ్డు తియ్యకపోతే ఆ మనిషి ఉండడు."

రోడ్డు మీద బండి శబ్దం దగ్గరైంది. ఆమె చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. నేను యోబు కొట్టు వైపు నుంచి వచ్చినవాడిలా బయట నిలబడ్డాను.

ఆదివారానికి ఇంకా నాలుగు రోజులు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు అయింది నా బతుకు. తుక్కుగూడకు పోతే పరువు పోతుంది. పోవద్దని చెబితే, ఎందుకు చెబుతున్నానో కాకకు తెలిసిపోతుంది. బస్సు నడుపుతూ గేర్లు తప్పుగా వేస్తుంటే పిల్లలు నవ్వారు. శుక్రవారం నాడు తెగించి కాక ఎదురుగా నిలబడ్డాను. ఆయన ఎదుటివాళ్ల పెదవులు చూసి మాటలు పట్టుకుంటాడని ఇప్పుడు అర్థమైంది కాబట్టి నెమ్మదిగా చెప్పాను.

"కాకా, ఆదివారం ప్రోగ్రాం రద్దయింది."

కాక చేతులు తుడుచుకుని జేబులోంచి ఫోను తీశాడు. ధర్మేందర్ పంపిన రంగు రంగుల పోస్టర్. మధ్యలో ఆయన ఫోటో, నేను తీసిందే. "రద్దయితే గాయన పొద్దుగాల గిది ఎందుకు పంపిండు?"

"నాకు బస్సు డ్యూటీ వడ్డది."

"ఆదివారం కాలేజీ ఉంటదా?"

అబద్ధమాడటం కూడా ఒక పనే. చేతకానివాడు ఆడకూడదు. చివరికి, "చిన్నమ్మను గూడ తీస్కపోదాం కాకా, ఆమె గూడ జర తిరిగినట్టుంటది," అన్నాను.

కాక నా వైపు చాలాసేపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

"ఆమెకు గక్కడ ఏం పని?" అన్నాడు. తర్వాత బండి ముందు కూర్చుంటూ, నన్ను చూడకుండా, "నేను రానంటే ఎందుకు రావని అడుగుతరు. గప్పుడేం చెప్పాలె తిరుమలూ?" అన్నాడు.

ఏం చెప్పినా ఆయనకు వినిపించేది కాదు, మొఖం అటు తిప్పి ఉంది.

ఆదివారం పొద్దున కాక ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. మెకానిక్ తెల్ల చొక్కా వేసుకుంటే పెళ్లికో చావుకో అంటారు మా దగ్గర. చిన్నమ్మ గడపలో నిలబడి చూసింది. నా బైకు వెనక కూర్చుని, స్క్రూడ్రైవర్‌ను తువాలలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు.

తుక్కుగూడలో వేదిక అంటే ఇనప రేకులు పరిచిన మంచె లాంటిది. దాని మీద రెండు బండ్లు పక్కపక్కనే నిలబెట్టారు. కింద మూడు వందల మంది ఉంటారు, ప్రతి చేతిలో ఫోను. ధర్మేందర్ చెడ్డవాడు కాదు. కాక కాళ్లకు మొక్కి, మైకులో నాలుగు మంచి మాటలు చెప్పి, అందరినీ నిశ్శబ్దంగా ఉండమన్నాడు. నేను కాకకు ఎడమ పక్కన, ఛాతీకి కెమెరా కట్టుకుని నిలబడ్డాను.

మొదటి బండి పని బాగానే జరిగింది. కాక ఎడమ అరచెయ్యి పెట్రోల్ ట్యాంకు మీద పరిచాడు. ఇంజన్‌కూ చెవికీ మధ్య స్క్రూడ్రైవర్‌ను తలతోనే అదిమిపట్టాడు గానీ వింటున్నది చెవి కాదు, అరచెయ్యి. అదురు తగ్గేదాకా తిప్పాడు, రేసు ఇచ్చి ఆపి ప్లగ్గు విప్పించాడు. ఇటుక రంగు. జనం ఈలలు వేశారు. ఆ బండి సొంతదారు మురిసిపోయి మళ్లీ కిక్కు కొట్టి, అందరూ విందురు గాక అని దాన్ని అలాగే నడవనిచ్చాడు. గట్టెక్కాం అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

రెండో బండి స్టార్ట్ చేశారు. పక్క బండి అదురుకు రేకులన్నీ వణుకుతున్నాయి. రెండు ఇంజన్ల వణుకూ కలిసి కాక అరచేతికి వచ్చింది. ఆయన స్క్రూ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, మళ్లీ ఇటు. చెమట పట్టింది. అప్పుడు తలెత్తి ఎదురుగా చూశాడు. గడప కోసం చూశాడని నాకొక్కడికే తెలుసు. అక్కడ గడప లేదు, ఫోన్లు ఉన్నాయి.

అప్పుడు నేను నా జన్మలో చేయకూడని పని చేశాను. సాయం చేద్దామనే చేశాను, ఇంకెందుకు? ఆయనకు ఎదురుగా పోయి నిలబడి, ఇంజన్ కాస్త సరిగ్గా పలికినట్టు అనిపించగానే, చిన్నమ్మ చాట మీద పరిచినట్టు నా అరచేతిని కెమెరా మీద పరిచాను.

కాక చూశాడు. స్నానం చేస్తుండగా తలుపు తీసినవాణ్ని చూసినట్టు చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. తర్వాత కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రెండేళ్ల తర్వాత మొదటిసారి, అందరూ చూడాలని ఎదురుచూసిన పద్ధతిలో, పాత కాశయ్యలా కళ్లు మూసుకుని స్క్రూడ్రైవర్ చెవికి నొక్కుకుని స్క్రూ తిప్పాడు.

ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

పక్క బండి నడుస్తూనే ఉంది. రేకులు వణుకుతూనే ఉన్నాయి. ఆ వణుకు కాళ్ల నుంచి, ట్యాంకు నుంచి, స్క్రూడ్రైవర్ నుంచి ఆయనకు చేరుతూనే ఉంది. ఆయన ఇంకొంచెం తిప్పాడు, ఆగాడు, వెనక్కి వెంట్రుకంత తిప్పాడు. మొఖం మీద మెల్లగా నవ్వు వచ్చింది. ఎడమ చెయ్యి పైకెత్తి జనాన్ని వారించినట్టు పట్టుకున్నాడు.

"ఇగ ఇనుండ్రి," అన్నాడు. "గిప్పుడు నిమ్మళంగ ఊపిరి తీసుకుంటుంది."

ధర్మేందర్ మైకు కిందికి దించేశాడు. వెనక నుంచి ఎవడో, "తాతా, బండి బందైంది," అన్నాడు. కొందరు నవ్వారు. కాక కళ్లు మూసుకుని నవ్వుతూనే ఉన్నాడు. నేను ముందుకు పోయి ఆయన భుజం పట్టుకోవచ్చు. ఆ నాలుగడుగులు వేయలేకపోయాను. నా ఛాతీ మీద కెమెరా తిరుగుతూనే ఉంది, దాన్ని ఆపడానికి కూడా చెయ్యి లేవలేదు.

చివరికి మొదటి బండి సొంతదారు పాపం ఏం చేయాలో తెలియక, మర్యాదకు తన ఇంజన్ ఆపేశాడు. రేకుల వణుకు ఆగింది. అప్పుడు కాక కళ్లు తెరిచాడు.

ముందున్న బండిని చూశాడు. పక్క బండిని చూశాడు. కార్బొరేటర్ మీద వేలు పెట్టి తీశాడు. జనం మొఖాల వైపు మాత్రం చూడలేదు.

"పెట్రోల్ అయిపోయిందో ఏమో, చూడుండ్రి," అన్నాడు మెల్లగా.

రెండో బండి కుర్రాడు మంచివాడు. ట్యాంకు మూత తీసి తొంగి చూసి, నిండా ఉన్న పెట్రోలును చూస్తూ, "అవ్ తాతా, అయిపోయినట్టుంది," అన్నాడు. కాక ఆ పెదవులు చదివాడు. ట్యాంకు మీద అరచెయ్యి పెట్టుకున్న మనిషికి లోపల ఎంత ఉందో తెలియదా? తల ఊపాడు. స్క్రూడ్రైవర్‌ను తువాలలో చుట్టాడు.

"హెల్మెట్ ఇటియ్యి తిరుమలూ," అన్నాడు.

రావిర్యాల, ఆదిబట్ల మీదుగా తిరిగొచ్చాం. కాక కళ్లు మూసుకుని నవ్విన ఆ ఇరవై సెకన్ల ముక్కకు ఎవరో నవ్వుల చప్పుడు తగిలించారట. మేము బొంగ్లూరు దాటకముందే అది ఫోన్లలో తిరుగుతోందని తర్వాత తెలిసింది. సాయంత్రం నా ఛానల్లో ఉన్నవన్నీ చెరిపేశాను గానీ, చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? నాది చెరిపితే వేల ఫోన్లలో ఉన్నది పోతుందా?

దారిలో ముందుకు చూస్తూనే అంతా చెప్పాను. నాకు తెలుసు కాకా అన్నాను. పద్నాలుగు వీడియోలు చూసిన, చిన్నమ్మ చెయ్యి చూసిన, నిన్ను అడగకుండ ఒప్పుకున్న, నా చెయ్యి వెట్టి నీ కండ్లు మూయించిన, తప్పయింది, మాఫ్ చెయ్యి అన్నాను. గాలిలో అరిచి చెప్పాను. వెనక ఉన్న మనిషికి వినపడదని తెలుసు కాబట్టే అంత ధైర్యంగా చెప్పానేమో. అద్దంలో నల్ల హెల్మెట్ తప్ప ఏమీ కనిపించలేదు. శేరిగూడ దగ్గర స్పీడు బ్రేకరుకు బండి ఆగినంత పని అయితే, కాక నా భుజం తట్టాడు.

"ఏమన్నవ్?"

"ఏం లేదు కాకా."

"హెల్మెట్ ఉంది, ఇనవడలే," అన్నాడు.

షెడ్డు ముందు బండి ఆపాను. యోబు తన కొట్టు ముందు ట్యూబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి, పని ఏదో గుర్తొచ్చినట్టు లోపలికి పోయాడు. కాక దిగి నేరుగా షెడ్డులోకి నడిచాడు. అక్కడ ఎవరిదో బండి గడప వైపు మొఖం పెట్టి ఉంది. దాని స్టాండు తీసి, ఆ బరువునంతా ఒంటి చేత్తో లాగి, మొఖం రోడ్డు వైపు తిప్పి నిలబెట్టాడు. గడపకు వీపు పెట్టి చిన్న పీట మీద కూర్చున్నాడు.

చిన్నమ్మ గడపలోనే ఉంది. ఎదురుగా స్టూలు మీద ఆయిల్ డబ్బాకు ఆనించిన ఫోను, యోబు పెట్టి ఇచ్చిందట. తెర నల్లబడి ఉంది. ఒళ్లో చాట, చాట నిండా చెరగని బియ్యం.

"చిన్నమ్మా," అన్నాను.

"బండి బందైందని చెయ్యి లేపిన తిరుమలూ," అంది. ఆమె కుడిచెయ్యి ఒళ్లో ముడుచుకుని ఉంది. ఎడమ చేత్తో దాన్ని నెమ్మదిగా పిసుక్కుంటోంది. "ఆయన మొకం నా దిక్కే ఉండె ఫోన్ల. చూస్తడేమో అని శానసేపు లేపే ఉంచిన."

కాక మా వైపు తిరగలేదు. హెల్మెట్ కూడా తీయలేదు.